క్వారీలో సొరచేప పళ్ళ వేట: గోడ దగ్గర తవ్వాలా, గుట్టల్లో వెతకాలా?

నీలిమట్టి:

శిలాజాలు ఏరే మా బృందానికి ఒక ఇసుక, బంకమట్టి క్వారీలో ఒక పూట వెతుక్కోవడానికి అనుమతి దొరికింది. మయోసీన్ కాలపు (సుమారు 2.3 కోట్ల నుంచి 53 లక్షల ఏళ్ళ కిందటి) సముద్ర నిక్షేపం. పైన పసుప్పచ్చ ఇసుక, దాని కింద అడుగు మందాన నల్ల గులకరాళ్ళ పొర, ఆ కింద ముదురు నీలం బంకమట్టి. తవ్వి పక్కన పడేసిన మట్టి వరసగా గుట్టలు పోసి ఉంది. నదీతీరాల్లో వెతికిన అనుభవం అందరికీ ఉంది కానీ, పని నడుస్తున్న క్వారీ మాకు కొత్త.

మా సందేహాలు ఇవి. నేరుగా గోడలో కనిపించే నల్లపొరనే తవ్వితే మంచిదా, గుట్టలు చూడాలా? జల్లెడ ఏ కన్నుది తీసుకెళ్ళాలి? పళ్ళకు అంటుకున్న మట్టిని వెనిగర్‌లో నానబెట్టి వదిలించవచ్చని ఒకరు అంటున్నారు, నిజమేనా? ఒకే చోట పదిమంది వెతుకుతుంటే ఎవరికి దొరికింది ఎవరిదన్న గొడవ రాకుండా ఏం చేస్తారు?

రాతిగీత:

మీరు కోరుకునేది ఆ నల్ల గులకపొరే. సముద్రం అడుగున కొత్త మట్టి చేరడం ఆగిపోయి, ఉన్నదాన్ని కూడా ప్రవాహాలు కడిగేసిన రోజుల్లో తేలికవన్నీ కొట్టుకుపోయి బరువైనవి, గట్టివి మిగిలిపోతాయి. ఫాస్ఫేట్ గులకలు, ఎముక ముక్కలు, పళ్ళు. సొరచేప బతికినంత కాలం పళ్ళు రాలుస్తూనే ఉంటుంది, దాని అస్థిపంజరం మాత్రం మృదులాస్థి కాబట్టి అరుదుగా తప్ప నిలవదు. అలా ఎంతో కాలంపాటు రాలిన పళ్ళు ఆ అడుగు మందంలో ఇరుక్కుని ఉంటాయి. పై ఇసుకలోనూ ఉంటాయి గానీ చెదురుమదురుగా.

అయితే ఆ పొర కోసం గోడ దగ్గరికి వెళ్ళకండి. యంత్రం ఆ పొరను ఇప్పటికే తవ్వి ఎక్కడో ఒక గుట్టలో పోసే ఉంటుంది. వెళ్ళగానే క్వారీ పర్యవేక్షకుణ్ణి అడగాల్సినవి రెండే: ఏ గుట్ట ఏ మట్టం నుంచి వచ్చింది, పోసి ఎన్నాళ్ళయింది. నల్ల గులకలు ఎక్కువగా కనిపించే గుట్ట, అందులోనూ రెండు మూడు మంచి వానలు చూసిన గుట్ట మీకు కావాలి. నిన్న పోసిన గుట్ట మీద పళ్ళున్నా వాటికి మట్టి పూసి ఉంటుంది, కంటికి ఆనవు. వాన కడిగిన గుట్ట అలా కాదు. మెత్తటి మట్టి కరిగి జారిపోతుంది, పన్ను కింద ఉన్న మట్టికి మాత్రం వాన దెబ్బ తగలదు. అందుకని వేలెడంత ఎత్తు మట్టి దిమ్మె మీద పన్ను గొడుగులా నిలబడి ఉంటుంది. అలాంటి దిమ్మెలు కనిపించిన వాలును వదలకండి. వాన నీళ్ళు పారిన చాళ్ళు కిందికి దిగి విసనకర్రలా పరుచుకున్న చోట కూడా బరువైనవి పోగుపడతాయి. చిన్న పళ్ళకు ఆ చోటు మంచిది.

వెతికేటప్పుడు ఎండ ఏటవాలుగా పడే పొద్దుటి పూట, సాయంత్రం పూట ఎంచుకోండి. ఒకే వాలును రెండు దిక్కుల నుంచీ నడవండి. ఎండకు ఎదురుగా నడిస్తే పింగాణీ పొర తళుక్కుమంటుంది, ఎండను వీపుకు పెట్టుకుని నడిస్తే రంగు తేడా తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం ఈ రెండూ ఉండవు. ఆ వేళ జల్లెడ పనికి పెట్టుకోండి.

కళ్ళు త్రికోణం కోసమే వెతికితే సగం పళ్ళు తప్పిపోతాయి. ఎక్కువసార్లు కనిపించేది పన్ను మొత్తం కాదు. మట్టిలోంచి పొడుచుకొచ్చిన మొనో, నున్నటి అంచో, వేరు తాలూకు ఒక కొమ్మో కనిపిస్తుంది.

కొలిమిరాయి:

గోడ విషయంలో రాతిగీత గారు చెప్పినదానికి ఇంకాస్త గట్టిగా చెప్తాను, ఎందుకంటే బృందంగా వెళ్ళినప్పుడు ఎవరో ఒకరు ఆ నల్లపొరను చూసి ఆగలేరు.

గోడ ఎంత ఎత్తుందో దానికి కనీసం ఒకటిన్నర రెట్లు దూరంలో ఉండండి. పది మీటర్ల గోడ అయితే పదిహేను మీటర్లు. మీరు చెప్పిన నిర్మాణం, అంటే పైన వదులు ఇసుక, కింద నీరు ఇంకని బంకమట్టి, చాలా ప్రమాదకరమైనది. వాననీరు ఇసుకలోంచి దిగి బంకమట్టి మీద ఆగుతుంది, ఆ సరిహద్దులో జారుడు తయారవుతుంది. మీ గులకపొర సరిగ్గా ఆ సరిహద్దులోనే ఉంది. దాన్ని కింద నుంచి తొలిస్తే పైనున్న ఇసుకంతా ఏ చప్పుడూ లేకుండా దిగుతుంది. ఛాతీ దాకా ఇసుకలో కూరుకుపోయిన మనిషి, తల బయటే ఉన్నా, ఊపిరి పీల్చుకోలేడు. గుట్టల్లో కూడా మోకాలి లోతు దాటి గొయ్యి తవ్వకండి, గుట్టకు అడుగున గుహలా తొలవకండి.

నీళ్ళు నిలిచిన గుంటలు, బురద వదిలిన మడుగులు ఇంకొకటి. పైన ఎండి నెర్రెలిచ్చి గట్టిగా కనిపిస్తాయి, కాలు పెడితే నడుము దాకా దిగిపోతుంది. వాటి గట్టు మీద నడవడం కూడా వద్దు.

పెద్ద లారీలు తిరుగుతుంటే ఒక సూత్రం పెట్టుకోండి: డ్రైవరు ముఖం మీకు కనబడకపోతే మీరు అతనికి కనబడనట్టే. ఆ లారీల చుట్టూ చాలా మేర డ్రైవరు కంటికి అందదు. వీలైతే పని ఆపిన రోజే అనుమతి అడగండి. పేలుళ్ళు జరిపే క్వారీ అయితే రంగు తీగలు, ప్లాస్టిక్ గొట్టాలు మట్టిలో కనిపించినా తాకకుండా అక్కడ గుర్తు పెట్టి సిబ్బందికి చెప్పండి. పేలకుండా మిగిలినవి ఉంటాయి.

హెల్మెట్, మెరిసే చొక్కా, ఇనుప ముక్కు బూట్లు, సుత్తి వాడేవాళ్ళకు కళ్ళద్దాలు ఉండాల్సిందే. పొడి దుమ్ము లేచే చోట మాస్కు కూడా. కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ దగ్గర షార్క్‌టూత్ హిల్ అని సొరచేప పళ్ళకు పేరుపడ్డ మయోసీన్ పొర ఉంది. అక్కడి మట్టిలో ఉండే కోక్సిడియాయిడిస్ అనే శిలీంధ్రం దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి వ్యాలీ ఫీవర్ తెస్తుంది. మట్టి తవ్వేవాళ్ళకు అది తెలిసిన ముప్పే. ఆ శిలీంధ్రం లేని చోట కూడా క్వార్ట్జ్ ఇసుక దుమ్ము పీల్చడం మంచిది కాదు.

లోపలికి వెళ్ళేటప్పుడు ఎంతమంది సంతకం చేశారో, బయటికి వచ్చేటప్పుడు అంతమంది ఉన్నారో లేదో లెక్క చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి. ఆ ఒక్కరు వేటకు దూరంగా ఉంటేనే మంచిది.

జల్లెడచేయి:

జల్లెడలు మూడు తీసుకెళ్ళండి. పైన 10 మిల్లీమీటర్ల కన్ను, మధ్యన 4, కింద 1. పది మీద పెద్ద పళ్ళు, ఎముకలు, గులకలు ఆగుతాయి. నాలుగు మీద ఎక్కువ భాగం మామూలు పళ్ళు. ఒకటి మీద ఆగేదాన్ని చాలామంది పారేస్తారు. టేకు చేపల (సొరకు చుట్టాలైన చదునైన చేపల) పళ్ళు, చిన్న కుక్కసొరల పళ్ళు 2 నుంచి 3 మిల్లీమీటర్లే ఉంటాయి కాబట్టి ఒక పొరలో ఎన్ని జాతులున్నాయో తెలియాలంటే అసలు సమాచారం ఆ సన్న మట్టిలోనే ఉంటుంది. దాన్ని క్వారీలో ఏరాలని చూడకండి, సంచిలో ఇంటికి తెచ్చుకోండి.

ఇసుకైతే అక్కడే పొడిగా జల్లించవచ్చు. నీలం బంకమట్టిని మాత్రం తడిగా ఉండగా జల్లెడలో వేసి చేత్తో రుద్దితే ఉండలు కడుతుంది, పళ్ళ మొనలు విరుగుతాయి. దానికి పద్ధతి తిరగేసి ఉంటుంది. ముందు మట్టిని పలచగా పరిచి పూర్తిగా ఎండనివ్వాలి, ఉండ విరిస్తే లోపల కూడా రంగు తేలిపోయి ఉండాలి. అప్పుడు నీళ్ళలో వేస్తే బుడగలు వదులుతూ దానంతటదే విచ్చిపోతుంది. సగం ఎండినదాన్ని వేస్తే మధ్యలో గట్టి ముద్ద మిగిలి వారమైనా కరగదు. పది లీటర్ల బకెట్‌లో మూడో వంతుకు మించి మట్టి వేయకండి, గుప్పెడు బట్టల సోడా కలిపి ఒక రాత్రి ఉంచండి. ఆ తర్వాత జల్లెడను నీళ్ళలో సగం ముంచి పక్కలకు ఊపండి. పైనుంచి పైపు నీళ్ళు జోరుగా కొట్టవద్దు. మిగిలినదాన్ని నీడలో ఆరబెట్టి, తెల్ల పళ్ళెంలో చెంచాడు చొప్పున పరిచి, పదింతల భూతద్దం కింద తడిపిన సన్న కుంచెతో ఏరుకోండి.

బురద నీళ్ళను ఇంటి కాలువలో పోయకండి. బంకమట్టి గొట్టంలో పేరుకుని రాయిలా బిగుస్తుంది.

నీలిమట్టి:

చాలా ఉపయోగపడే సంగతులు. వెనిగర్ గురించి ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి, పన్ను మొన మాత్రమే బయటికి కనిపిస్తే ఎలా తీయాలి? బంకమట్టిలోంచి తీసిన పళ్ళకు ఇంటికొచ్చాక పెచ్చులు లేస్తాయని విన్నాం.

పారలాయిడ్‌డబ్బా:

వెనిగర్ వద్దు. పన్ను మొత్తం ఫాస్ఫేట్ ఖనిజం, ఆమ్లానికి అది కరుగుతుంది. ముందు దెబ్బతినేది వేరు, ఎందుకంటే అది రంధ్రాలతో గుల్లగా ఉంటుంది. దాని తర్వాత పింగాణీ మెరుపు పోయి సుద్దలా తయారవుతుంది. ఒకసారి పోయిన మెరుపు తిరిగి రాదు. సున్నపురాయిలో బిగుసుకున్న పళ్ళను ప్రయోగశాలల్లో బాగా పలచన చేసి, ఫాస్ఫేట్ లవణాలు కలిపిన ఎసిటిక్ ఆమ్లంతో తీస్తారు. అది వేరే పని, కొలతలు తెలిసినవాళ్ళ పని. మీది బంకమట్టి కాబట్టి మంచినీళ్ళు, మెత్తటి టూత్‌బ్రష్, వెదురు పుల్ల చాలు. ఇనుప సూది పింగాణీ మీద గీత పెడుతుంది. వేరు సందుల్లో తప్ప వాడకండి, అదీ భూతద్దం కింద.

మొన కనిపించగానే పట్టుకు లాగడం వల్లే ఎక్కువ పళ్ళు పోతాయి. మొన గట్టిది, వేరు మెత్తనిది, తడి మట్టి వేరును వదలదు. లాగితే పన్ను మీ చేతికొస్తుంది, వేరు మట్టిలో ఉండిపోతుంది. పన్ను ఎంత వెడల్పు ఉండొచ్చో అంచనా వేసి, దానికి అంత దూరంలో చుట్టూ సన్నని గాడి తీసి, అడుగు నుంచి కోసి, మట్టి ముద్దతో సహా ఎత్తండి. అల్యూమినియం రేకులో చుట్టి డబ్బాలో పెట్టండి. అప్పటికే పగిలి ఉంటే ముక్కల్ని అక్కడ అతికించాలని చూడకండి, అన్నీ ఒకే రేకులో వేయండి. తడి మట్టి మీద సూపర్‌గ్లూ పోస్తే మట్టితో కలిసి గట్టిపడుతుంది, తర్వాత శుభ్రం చేయడం నరకం.

పెచ్చులు లేవడానికి కారణం తొందరగా ఎండడం. లక్షల ఏళ్ళు తడిలో ఉన్నదాన్ని కారు అద్దం ముందు ఎండలో పెడితే వేరు ఒకలా, పింగాణీ ఒకలా కుంచించుకుపోతాయి, మధ్యలో చీలిక వస్తుంది. తడి కాగితంలో చుట్టి, మూత కొంచెం తెరిచిన డబ్బాలో, నీడలో, వారం పది రోజులపాటు నిదానంగా ఆరనివ్వండి. పూర్తిగా ఆరాక పారలాయిడ్ బి-72 (శిలాజాలను గట్టిపరచడానికి వాడే, గింజల రూపంలో దొరికే ప్లాస్టిక్ లాంటి పదార్థం) పూత వేయండి. 100 మిల్లీలీటర్ల ఎసిటోన్‌లో 5 గ్రాముల గింజలు, గాజు సీసాలో, ఒక రాత్రికి కరుగుతాయి. కుంచెతో వేరుకు పట్టించండి, పీల్చుకున్నంత పీల్చుకుంటుంది. మెరుస్తూ జిగటగా కనిపిస్తే ఎక్కువైనట్టు, వట్టి ఎసిటోన్‌తో తుడవండి. విరిగిన ముక్కలు అతకడానికి అదే పదార్థాన్ని ఎసిటోన్‌తో దాదాపు సమాన బరువులో చిక్కగా కలుపుకోండి. ఎన్నేళ్ళ తర్వాతైనా ఎసిటోన్‌తో విప్పదీయవచ్చు, ఫెవికాల్, సూపర్‌గ్లూ అంత తేలిగ్గా ఊడిరావు. ఎసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది, కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా చేయండి.

ముదురు నీలం బంకమట్టి అన్నారు కాబట్టి ఇంకో హెచ్చరిక. ఆ రంగు మట్టిలో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉండే అవకాశం ఎక్కువ. వేరు సందుల్లో ఇత్తడి రంగు మెరుపు కనిపిస్తే ఆ పళ్ళను వేరుగా పెట్టండి, రోజుల తరబడి నానబెట్టకండి. గాలిలో తేమ 60 శాతం దాటితే పైరైట్ వేగంగా ఆక్సీకరణ చెంది గంధకామ్లం పుడుతుంది, పన్ను లోపలి నుంచే పగులుతుంది. పసుపు కలిసిన తెల్ల పొడి, గంధకం వాసన దాని గుర్తులు. అలాంటివి కడిగిన వెంటనే ఎసిటోన్‌లో ముంచి నీటిని లాగేసి, సిలికా జెల్ వేసిన మూత బిగువు డబ్బాలో ఉంచాలి.

రాతిగీత:

గుర్తుపట్టడం గురించి మీరు అడగలేదు గానీ, గుట్ట మీద నిలబడి చేయాల్సిన పని కాబట్టి రాస్తున్నాను. నల్ల ఫాస్ఫేట్ గులకల మధ్య పన్నును పోల్చుకునే తేలిక మార్గం, ఒకే ముక్కలో రెండు రకాల ఉపరితలాలు ఉన్నాయా అని చూడడం. గోరుతో తడిమితే పైభాగం గాజులా జారుతుంది, వేరు మసకగా, సన్నటి రంధ్రాలతో గరుగ్గా తగులుతుంది. గులకకు అంతటా ఒకే మెరుపు. ఎముక ముక్క విరిగిన చోట స్పాంజిలా ఉంటుంది. దువ్వెన పళ్ళలా వరసగా గాళ్ళున్న వేరుతో పలకలాంటివి టేకు చేప దవడ ముక్కలు, వాటిని రాయనుకుని పారేయకండి. గుండ్రటి బిళ్ళ మీద వలయాలుంటే అది వెన్నుపూస.

పెద్ద పన్ను దొరికితే అంచు చూడండి. మెగలడాన్ అనే అంతరించిన భారీ సొరకు రంపపు నొక్కులు సన్నగా, సమానంగా అంచంతా నడుస్తాయి, లోపలి వైపు కిరీటానికీ (పంటి నున్నటి పైభాగానికీ) వేరుకీ మధ్య బాణం మొనలా వంగిన ముదురు పట్టీ ఉంటుంది, దాన్నే బూర్లెట్ అంటారు. ఇప్పటి తెల్ల సొరకు నొక్కులు ముతకగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి, ఆ పట్టీ ఉండదు. అంత వెడల్పూ ఉండి నొక్కులే లేకపోతే కార్కరోడాన్ హస్టాలిస్ అనే అంతరించిన సొరది అయ్యే అవకాశం ఉంది, మయోసీన్‌లో అది చాలా మామూలు. మెగలడాన్ వంశంలో పాతవాటికి ప్రధాన మొనకు రెండు పక్కలా పిల్ల మొనలుంటాయి. ఆ పాతవాటిలో ఒకటైన ఓటోడస్ ఆబ్లిక్వస్‌లో అవి స్పష్టంగా ఉండి, అంచు నున్నగా ఉంటుంది. అది మయోసీన్ కన్నా ముందరి పాలియోసీన్, ఇయోసీన్ కాలాలది, మొరాకోలో ఖురిబ్గా ఫాస్ఫేట్ గనుల నుంచి ఎక్కువగా వస్తుంది. కొన్నవాటితో పోల్చుకునేవాళ్ళకు ఒక మాట: అక్కడి నుంచి అమ్మకానికి వచ్చే వాటిలో ఒక పంటి కిరీటాన్ని ఇంకో పంటి వేరుకు అతికించినవి ఉంటాయి, అతుకు చుట్టూ ఇసుక రుద్ది ఉంటుంది.

రంగును బట్టి వయసు చెప్పకండి. నలుపు, గోధుమ, బూడిద నీలం, ఇవన్నీ పన్ను పడి ఉన్న మట్టిలోని ఖనిజాలు ఇచ్చినవే. ఒకే పొరలో అంచులు పదునుగా ఉన్నవీ, గులకలా అరిగిపోయినవీ కలిసి కనిపిస్తే, అరిగినవి ఇంకా పాత పొర నుంచి కొట్టుకొచ్చి ఇక్కడ రెండోసారి పూడిపోయినవి కావచ్చు. పక్కనున్న పన్ను వయసును దీనికి అంటగట్టవద్దు.

కొలిమిరాయి:

పంపకాల సంగతి. మేం పాటించేది: ఒకరు గురుతు పెట్టుకుని వెతుకుతున్న వాలుకు రెండు మీటర్ల లోపలికి ఇంకొకరు వెళ్ళరు. అతను అక్కడి నుంచి లేచి సామాను తీసుకెళ్తే ఆ చోటు ఖాళీ. నేల మీది పన్నును ఎవరు ముందు చేత్తో తాకితే వాళ్ళది, ముందు చూశాను అన్న మాట చెల్లదు. కలిసి జల్లించిన సన్న మట్టిని మాత్రం సంచుల లెక్కన సమానంగా పంచుకోండి, లోపల ఏముందో అప్పటికి ఎవరికీ తెలియదు కాబట్టి పేచీ రాదు. ఇవి గేటు బయటే అందరి చేతా ఒప్పించండి. వెళ్ళేముందు గోతులు పూడ్చండి. మళ్ళీ అనుమతి రావడం దాని మీదే ఆధారపడుతుంది.

ఈ పద్ధతికి ఒక మినహాయింపు ఉంది. ఒకే అడుగు చోటులో ఒకే రకం పళ్ళు నాలుగైదు, రకరకాల పరిమాణాల్లో, అరగకుండా దొరికితే తవ్వడం ఆపండి. వెన్నుపూసలు వరసలో కనిపించినా, తిమింగిలం ఎముక పెద్దది కనిపించినా అంతే. ఒకే జంతువు దవడ అక్కడ పడి ఉండొచ్చు. ఏ పన్ను దేని పక్కన ఉందన్నదే అప్పుడు విలువైనది, పదిమంది తలా ఒకటి పట్టుకుపోతే ఆ సంగతి శాశ్వతంగా పోతుంది. కొలబద్ద పెట్టి ఫొటో తీసి, టార్పాలిన్ కప్పి, క్వారీ వాళ్ళకూ మ్యూజియంకూ చెప్పండి.

నీలిమట్టి:

చివరి ప్రశ్న. గుట్టలో దొరికినదానికి పొర పేరు ఎలా రాయాలి? గోడలో చూసి తీయలేదు కదా.

రాతిగీత:

గుట్టలో దొరికిందనే రాయండి. పంటికి అంటుకున్న మట్టిని చిటికెడు విడిగా చిన్న సంచిలో దాచండి, అది నల్ల గులకతో కూడిన ఇసుకా, నీలం బంకమట్టా అన్నదాన్ని బట్టి ఏ పొరదో చాలావరకు తేల్చవచ్చు. పన్నును పూర్తిగా కడిగేశాక ఆ ఆధారం ఉండదు, కాబట్టి ఈ పని కడగకముందే. చీటీలో క్వారీ పేరు, గుట్ట గుర్తు, పర్యవేక్షకుడు చెప్పిన మట్టం, జీపీఎస్ అంకెలు, తేదీ, ఏరినవారి పేరు ఉండాలి. పొర మీద మీకున్నది అంచనా అయితే దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ సిరా తడికి పాకుతుంది. చీటీ, పన్ను ఒకే సంచిలో వేయండి. పంటి మీద కూడా సంఖ్య వేయాలంటే, వేరు మీద కనిపించని చోట పారలాయిడ్ చుక్క పెట్టి, ఆరాక దాని మీద నల్ల ఇంకుతో రాసి, పైన ఇంకో చుక్క వేయండి.